మూరెడు పడవ

కళింగపట్నం నుంచి రెండు బస్సులు మారి
బొబ్బిలి దాకా వచ్చాడంటే వీణ కోసమే అనుకున్నాం.
ఆయన వేళ్ళ మీద తీగల గీతలు లేవు,
తాళ్ళు ఒరిసిన కాయలున్నాయి.
"పడవ కావాల," అన్నాడు మైలపల్లి దానయ్య సరంగు,
"ఇంట్లో ఎట్టుకుని సూసుకోడానికి."

నాన్న నవ్వలేదు. పనస దుంగ మీద కూర్చోబెట్టి
"ఏపాటి పడవ?" అన్నాడు.
"ఆరు బారలు."
"నీకెంత కావాల?"
సరంగు మోచెయ్యి చాపి చూపించాడు.
బారకి నాలుగు మూరలు, ఆరు బారలకి ఇరవైనాలుగు.
నాన్న గోడ మీద బొగ్గుతో గీసి పెట్టుకున్నాడు.
"ఈ లెక్కన మడిసి బొటనేలంత."
"మడుసులొద్దు. పడవొక్కటే."

పదిహేడేళ్ళప్పుడు, కొచ్చి రేవులో,
ఎవరో దొర షికారు తిరిగే తెరచాప పడవకి
ఒక వానాకాలమంతా అడుగు గీకాడట.
నాచు, గుల్లలు, పాత రంగు.
ఎక్కింది లేదు.
వాన వెలిసిన పొద్దున అది వెళ్ళిపోయింది.
తర్వాత ముప్పయ్యేళ్ళు ఇనప ఓడల్లో తిరిగాడు.
ఒక్కదాని కడుపూ గుర్తు లేదు.

నాన్నకి తెలిసిన విద్య తొలవడం.
కుండా దండీ విడిపోకుండా ఒకే మాను.
నెల తిరిగేసరికి తేనెరంగు బోలు ఒకటి తయారు,
గోటితో కొడితే పలికేది.
సరంగు అటూ ఇటూ తిప్పి మెల్లగా కింద పెట్టాడు.
"పనికి వంక లేదు ఆచారీ. గానీ ఇది దోనె.
పడవకి పక్కటెముకలుంటాయి."

ఆ రాత్రి కూర్మాచారి, అంటే మా నాన్న,
అన్నం ముందు చాలాసేపు కూర్చుని లేచిపోయాడు.
తెల్లారి వీణల తుక్కు ముందేసుకుని
అగ్గిపుల్ల మందాన బద్దలు చీల్చాడు.
గంజి ఆవిరి మీద వాటిని వంచడం నా వంతు.
తొందరపడితే టప్పున విరిగేవి.
ఎన్ని విరిగాయో ఇంకా పొయ్యి కింద ఉన్నాయి.
మెట్లు నిలబెట్టే మైనమే అతుకులకి పూశాం.
తెరచాపలకి పొందూరు సన్న ఖద్దరు,
ఒక నేతగత్తె చింపు ముక్క ఊరికే ఇచ్చింది,
దేనికని అడిగి, నమ్మక, మళ్ళీ అడిగి.

కొయ్యలు రెండు.
వెనకది, పొట్టిది, చుక్కానికి ముందుంటే కెచ్,
చుక్కాని దాటితే యాల్.
"యేలెడు జరిగిందా, పడవ పేరే మారిపోద్ది,"
అది చెప్పడానికే ఓసారి వచ్చి వెళ్ళాడు సరంగు.
మెట్టు నూలుపోగంత జరిగితే ఏమవుతుందో
తెలిసిన మనిషికి అది కొత్త కాదు.
నాన్న తలూపాడంతే.

ఇంకోసారి వచ్చి, గొంతు తగ్గించి:
"ఎడం పక్క, నీటిగీత కింద,
ఒక బద్ద పుచ్చిపోతే మేస్త్రీ నా సేత మార్పించాడు.
ఆ ఒక్కటీ ఏరే కర్ర ఎయ్యాల."
"పైన రంగు పడితే కనపడదు గదా?"
"కనపడొద్దు."

మా విరిగిన పీట కోడు వేప.
అందులోంచి తీశాడు నాన్న.

పూర్తయ్యాక తొట్టి నింపి వదులుదామన్నాను.
సరంగు ఒప్పుకోలేదు.
"పడవని తగ్గించారు గానీ తల్లీ,
నీటిని ఎవులు తగ్గిస్తారు?
బొట్టు బొట్టంతే ఉంటాది."

తీసుకెళ్ళే రోజు ఆయన చాపలు చూడలేదు,
నేను రెండు వారాలు ముడులేసిన తాళ్ళూ చూడలేదు.
పసిబిడ్డని బోర్లించినట్టు ఒళ్ళో తిరగేసి
ఎర్రరంగు మీద బొటనవేలు నడిపించాడు.
మూడో బద్ద, నాలుగో బద్ద.
ఒకచోట ఆగింది.
అక్కడే చాలాసేపు ఉంచాడు.
మా అమ్మ టీ తెచ్చి, చల్లారాక మళ్ళీ తీసుకెళ్ళింది.

బస్సులో దానికీ ఒక టికెట్టు కొన్నాడని
కండక్టరు ఊరంతా చెప్పాడు.

ఆ మొదటి దోనె మా పాకలోనే ఉంది,
బిరడలు వేసుకుంటాం అందులో.
బంక ఆరేదాకా ఊరికే కూర్చోలేక
నాన్న అప్పుడప్పుడూ బిరడలు ఒంపేసి
దాన్ని గోటితో ఒకసారి కొట్టి, వింటాడు.